వేంపల్లె శిలలు

వేంపల్లె శిలలు కడప జిల్లాలో పులివెందుల, వేముల, వేంపల్లె ప్రాంతాల్లో పరచుకున్న డోలమైట్ రాతి పొరలు. ఇళ్లలో పరిచే బేతంచెర్ల నాపరాయి మాత్రం కర్నూలు శిలాసముదాయానిది. వయసులో వీటికంటే చాలా చిన్నది. ఈ సీమ రాళ్లను వరుస కట్టి వివరించిన తొలి పెద్ద గ్రంథం, భారత భూవిజ్ఞాన సర్వే తరఫున విలియం కింగ్ 1872లో వెలువరించినది.

వేంపల్లె రాయి పగిలిన చోట ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన స్ట్రొమటోలైట్లవి. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఈ పొరల మధ్యకు కరిగిన డోలరైట్ చొచ్చుకొచ్చింది. ఆ వేడికి, సిలికా కలిసిన నీటికి డోలమైట్ అక్కడక్కడా సర్పెంటైన్‌గా మారింది. దాని సందుల్లో పట్టు మెరుపుతో సన్నటి ఈనెలుగా రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. గోటితో గీరితే బూరుగు దూదిలా విడిపోతుంది, రాయేనా అనిపిస్తుంది.

రాతినారకు నిప్పు అంటుకోదు కనుక 20వ శతాబ్దంలో దీనికోసం పులివెందుల చుట్టుపక్కల గనులు తవ్వారు. అయితే దాని ఓర్పు కొద్దిపాటిదే. 600 డిగ్రీలు దాటితే స్ఫటికంలో ఉన్న నీరు పోయి పొడిపొడి అవుతుంది. పైగా దాని ధూళి పీల్చినవారికి ఆస్బెస్టోసిస్, క్యాన్సర్ రావచ్చు. కేంద్రం 1986లో కొత్త లీజులు ఆపింది. 1993లో పాతవాటి పునరుద్ధరణ కూడా నిలిచింది.

అదే డోలమైట్‌లో యురేనియం ఉంది. వేముల మండలం తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. ఖనిజంలో యురేనియం పాలు చాలా తక్కువ. ఈ రాతిపొడి మీద ఆమ్లం పోస్తే బుసబుస పొంగి ఆమ్లాన్నంతా రాయే తాగేస్తుంది. అందుకే జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం మిల్లులో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇక్కడ పనికిరాలేదు. మెత్తగా నూరిన ఖనిజాన్ని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, ఆక్సిజన్‌తో, ఒత్తిడి కింద 120 డిగ్రీలు మించిన వేడిలో ఉడికిస్తారు. వచ్చిన సోడియం డైయురేనేట్ హైదరాబాద్‌లోని అణు ఇంధన సంస్థలో శుద్ధి పొంది, యురేనియం డయాక్సైడ్ బిళ్లలుగా మారి భారజల రియాక్టర్లకు వెళుతుంది. యురేనియం డయాక్సైడ్ ద్రవీభవన స్థానం సుమారు 2,850 డిగ్రీలు. పుట్టినింటి రాతినారకు ఊహకందని వేడి.

వేడిని ఓర్చే ఈ పరీక్ష రాకెట్లలోనూ ఎదురైంది. యురేనియం రియాక్టర్‌తో రాకెట్‌ను నడిపే ప్రయత్నం అమెరికాలో 1955లో రోవర్ పేరిట మొదలైంది. అక్కడ చిక్కంతా వేడిని ఓర్చే పదార్థానిదే. రియాక్టర్ గుండా పారి తోపునిచ్చే హైడ్రోజన్, ఎర్రగా కాలిన గ్రాఫైట్‌ను తినేస్తుంది. నియోబియం కార్బైడ్, తర్వాత జిర్కోనియం కార్బైడ్ పూత పూశారు. వేడికి పూత ఒకలా, గ్రాఫైట్ ఒకలా వ్యాకోచించి పూత బీటలు వారేది. 1968లో పీవీ రియాక్టర్ హైడ్రోజన్‌ను 2,200 డిగ్రీలు దాటించింది. 1973లో కార్యక్రమం ఆగిపోయింది. అలాంటి రాకెట్‌కు కావలసింది బాగా సుసంపన్నం చేసిన యురేనియం. తుమ్మలపల్లెది సహజ యురేనియం.

గనితో వచ్చిన మరో ప్రశ్న, నీళ్లది. యురేనియం తీశాక మిగిలిన మడ్డిని కొండల నడుమ చెరువులో నింపుతున్నారు. బోర్లలో నీరు చెడిందనీ, అరటి తోటలు ఎండాయనీ కొట్టాల, మబ్బుచింతలపల్లె గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. చెరువు అడుగు పొర విషయమై రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసు ఇచ్చింది. వర్షం తక్కువైన ఈ సీమలో పంటకైనా తాగడానికైనా బోరు నీరే పెద్ద దిక్కు.