పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతము: రామచంద్రాపురపు కర్మాగారము పాత్ర

హైదరాబాదు నుండి ముంబయి పోవు రాజమార్గమున రామచంద్రాపురము, పటాన్‌చెరు ఒకదాని వెంట నొకటి వచ్చును. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము మెదకు జిల్లాలోనిది. ఇచ్చటి పరిశ్రమ లన్నియు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము నీడలోనే పెరిగినవని సామాన్యముగ చెప్పుదురు. ఈ యభిప్రాయ మెంతవరకు నిలుచునో పరిశీలించుట మా యుద్దేశము.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిజాం రాజ్యమున కొన్ని యంత్రపరిశ్రమలు పుట్టినవి. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్సు స్థాపితములైనవి. కాని యవి నగరము నంటియే యుండెను. స్వాతంత్ర్యానంతరము విద్యుత్కేంద్రముల యంత్రములకు విదేశములపై ఆధారపడుట దేశమునకు భారమయ్యెను. 1956 నాటి పారిశ్రామిక విధాన తీర్మానము భారీ విద్యుద్యంత్ర నిర్మాణమును ప్రభుత్వరంగమునకు ప్రత్యేకించినది. ఆ యేడే భోపాలు కర్మాగారమునకై హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ ఏర్పడెను. తిరుచిరాపల్లి, హరిద్వారము, రామచంద్రాపురము కర్మాగారములకై 1964లో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వెలసినది. 1974లో భోపాలు సంస్థయు దీనిలో లీనమైనది. రామచంద్రాపురమునకు చెకోస్లొవేకియా సాంకేతిక సహాయము లభించెను. ఆవిరి టర్బైనులు, వానికి జతపడు జనరేటర్లు, కంప్రెసర్లు ఇచ్చట తయారైనవి.

ఈ కర్మాగారము చేసిన మేలు యంత్రములతో ముగియలేదు. టర్బైనునకు వేలకొలది భాగములు కావలెను. అన్నింటిని ఒక్క కప్పు క్రింద చేయుట లాభకరము కాదు. అందువలన పోతపని, లేతుపని, వెల్డింగు చేయు చిన్న పరిశ్రమలు దాని చుట్టును చేరినవి. ఉద్యోగులకై వాసగృహములు, పాఠశాలలు, ఆసుపత్రి గల నగరమే వెలసెను. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి యువకులకు లభించిన శిక్షణ మరి యొక ఫలము. కొలతలో వెంట్రుకవాసి తేడాను సహింపని చేతిపని వారికి అలవడెను. ఇది లెక్కల పుస్తకములకు చిక్కని మూలధనము.

అయినను పటాన్‌చెరు, బొల్లారములలో తరువాత వ్యాపించిన రసాయన, ఔషధ పరిశ్రమలకు మూల మిది కాదు. వానికి రెండు కారణములు కానవచ్చుచున్నవి. మొదటిది, వెనుకబడిన ప్రాంతములకు ప్రభుత్వ మిచ్చిన ప్రోత్సాహము. 1973లో స్థాపితమైన రాష్ట్ర పారిశ్రామిక మౌలికసదుపాయాల సంస్థ స్థలములను సమకూర్చెను. రెండవది, బాలానగరమున సోవియట్ సహాయముతో వెలసిన ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారము. అచ్చట రసాయనవిద్య నేర్చినవారు స్వయముగ పరిశ్రమలు స్థాపించిరి. అందు పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను నెలకొల్పుట ప్రసిద్ధము. కనుక ఈ ప్రాంతమునకు గురువు లిద్దరు: లోహవిద్యకు రామచంద్రాపురము, రసాయనవిద్యకు బాలానగరము.

ఈ భేదమును గుర్తింపనిచో మేలును కీడును ఒక్క పద్దున వ్రాసినట్లగును. రసాయన పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగున చేరి, పొలములను బావులను చెరచినవి. ఆ వాగు మంజీరలో కలియును. 1990లో ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానమున కెక్కినది. ఉమ్మడి శుద్ధికేంద్రము పిదపనే వచ్చినది. పరిశ్రమలు ముందు, శుద్ధి తరువాత అను ఈ క్రమమే రైతునకు నష్టము తెచ్చినది. జీతము పొందినవా డొకడు, నీరు కోల్పోయినవాడు వేరొకడు కావచ్చును. అభివృద్ధిని లెక్కించువారు ఈ యిరువురిని చూడవలెను.

కల్యాణి చాళుక్యుల శాసనములందలి పొట్టళకెరెయే పటాన్‌చెరు అని కొందరు చరిత్రకారులు నిర్ణయించిరి. కెరె యనగా కన్నడమున చెరువు. రాజ్యములు మారినను, భాష మారినను, ఊరిపేరు చెరువును విడువలేదు. ఈ ప్రాంతపు పారిశ్రామిక చరిత్రను వ్రాయబూనువారు కర్మాగారపు దస్త్రములతోబాటు చెరువుల, వాగుల వృత్తాంతమును గూడ సేకరించినగాని యది సమగ్రము కాదని మా నమ్మకము.