ఎన్నికల సర్వేలు: అడిగేవాడెవడు?

ఎన్నికల ముందు జరిపే అభిప్రాయ సేకరణను మన పత్రికలూ టీవీలూ ఒక లెక్కల వ్యవహారంగానే చర్చిస్తాయి. ఎంతమందిని అడిగారు, నమూనా సరిగా ఎంచారా, ఎంత శాతం తేడా రావచ్చు అన్నవే వాటి ప్రశ్నలు. ఇవి అక్కరలేని ప్రశ్నలని నేననను. కాని అంకెకు ముందు ఇద్దరు మనుషులున్నారు. ఒకడు అడిగేవాడు, మరొకడు జవాబు చెప్పవలసినవాడు. వాళ్ళ మధ్య సంబంధానికి ఒక చరిత్ర ఉంది. మా ఖమ్మం ప్రాంతంలో అది మరీ కఠినమైన చరిత్ర.

అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు ఏరుకున్నది ప్రధానంగా టెలిఫోన్ డైరెక్టరీల నుండి, కార్ల రిజిస్టర్ల నుండి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఏ వర్గం ఇంట ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. అంతకన్నా ఎంతో చిన్న నమూనాతో విజేతను సరిగా చెప్పిన జార్జి గాలప్‌కు పేరొచ్చింది. ఈ కథ అందరూ చెప్పేదే. అంతగా చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ కోటి మందిలో ముప్పాతిక వంతు అసలు జవాబే పంపలేదు. ఆ మౌనం కూడా లెక్క తప్పడానికి పెద్ద కారణమని తరువాతి పరిశోధకులు తేల్చారు. నాకు ముఖ్యమనిపించేది ఈ మౌనమే.

మన దేశంలో ఎరిక్ డ కోస్టా స్థాపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ 1957 సార్వత్రిక ఎన్నికలకు సర్వే చేసింది. 1967 నుండి సి.ఎస్.డి.ఎస్. పరిశోధకులు ఓటరు ఆలోచనను అధ్యయనం చేస్తూ వచ్చారు. అది పండితుల శ్రమ, దాన్ని గౌరవించాలి. 1980లలో అంచనాలు రంగుల పత్రికలకూ టీవీలకూ ఎక్కాక ప్రజాభిప్రాయం సరుకయింది. 2009 సవరణతో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126-ఎ సెక్షన్ వచ్చి, చివరి దశ పోలింగు ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ ప్రచురించకుండా ఆపింది. ముందస్తు సర్వేలకు మాత్రం పోలింగు ముందరి 48 గంటలే అడ్డు.

నేనుండేది ఖానాపురం హవేలిలో. హవేలి అనేది పాత రెవెన్యూ మాట. కస్బాను ఆనుకుని, సర్కారు తన ఖజానాకే అట్టేపెట్టుకున్న భూమి అని అర్థం. ఇప్పుడిది ఖమ్మం నగరంలో కలిసిపోయింది. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు మా వీధికి ట్యాబు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. అడవి అంచు పల్లె నుండి కొడుకు దగ్గరకొచ్చి ఉంటున్న ఒక ముసలమ్మను ఏ పార్టీకి వేస్తారని మర్యాదగానే అడిగాడు. "ముందు నువ్వు ఏ పార్టీవాడివో చెప్పు నాయనా" అందామె. తనకు పార్టీ లేదన్నాడు. "పార్టీ లేనోడివి, నీకెందుకు మరి?" కుర్రాడు నవ్వి, 'చెప్పలేను' అన్న గడి నొక్కి పక్కింటికి పోయాడు. ఆమె చెప్పలేక కాదు, ఎవరికి చెప్పాలో ఆమెకు తెలుసు. గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాళ్ళు కోసే పొరుగు రాష్ట్రాల కూలీల దగ్గర ఆ కుర్రాడు ఆగనే లేదు. వాళ్ళకు ఇక్కడ ఓటు లేదు, ఓటున్న చోట వాళ్ళు లేరు.

ఆ ముసలమ్మ జాగ్రత్త ఒక్కరోజులో పుట్టింది కాదు. 'నువ్వు ఎవరి పక్షం' అని ఈ ప్రాంతపు పల్లెల్లో ఇంటింటా అడిగిన మొదటివాడు సర్వేయరు కాడు, క్యాంపు పోలీసు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు సంస్థానంలోకి వచ్చాక, అప్పటికి వరంగల్ జిల్లాలో భాగమైన ఖమ్మం, మధిర, ఇల్లెందు తాలూకాల్లో మిలటరీ, పోలీసు క్యాంపులు వెలిశాయి. రాత్రి ఎవరికి అన్నం పెట్టావు, దళం ఎటు పోయింది, సంఘంలో ఎవరెవరున్నారు అని అడిగేవాళ్ళు. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి, బ్రిటిషువాళ్ళు మలయాలో చేసినట్టే, క్యాంపుల పక్కకు చేర్చారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పకపోతే తన వీపు, చెబితే పొరుగువాడి ప్రాణం. నోరు కట్టేసుకోవడం అక్కడ పిరికితనం కాదు, సాటి మనిషి పట్ల బాధ్యత.

1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ జరిగింది. నెలలు తిరక్కముందే మొదటి సార్వత్రిక ఎన్నికలు. కమ్యూనిస్టు పార్టీపై ఇక్కడ నిషేధం ఉండటం వల్ల పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. ఖమ్మం లోక్‌సభకు టి.బి. విఠల్‌రావు గెలిచారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. హైదరాబాదు శాసనసభలో 175 స్థానాలకు 42 పి.డి.ఎఫ్.కు దక్కాయి. ఎన్నికల ముందు ఎవరైనా పలకా బలపం పట్టుకుని ఆ పల్లెల్లో తిరిగి ఉంటే ఈ అంకెలు దొరికేవా? క్యాంపు కనుచూపు మేరలో ఉండగా గడపలో ఎవడూ చెప్పడు. ఆ ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె ఉండేది. తెర చాటున ఆ పెట్టెకు మాత్రం చెప్పారు. రహస్య ఓటు ఇచ్చే ఆ రక్షణను ఏ సర్వే ఇవ్వగలదు?

అయితే మౌనమంతా తిరుగుబాటే అనుకోవడం మనవాళ్ళకున్న మరో భ్రమ. 1977లో ఉత్తరాది ఎమర్జెన్సీని ఓడిస్తే, మన రాష్ట్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. జనతాకు దక్కింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచిన స్థానమొక్కటే. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మా జిల్లా నాయకుడే. ఆయన కాలపు ఎన్‌కౌంటర్ల నెత్తురు అప్పటికింకా ఆరలేదు.

2004లో 'భారత్ వెలిగిపోతోంది' అన్న ప్రచారం మధ్య జాతీయ సర్వేలు ఎన్.డి.ఏ.నే ముందుంచాయి. చివరికి కాంగ్రెసుకు 145, బి.జె.పి.కి 138 వచ్చాయి. భద్రాచలం నుండి సి.పి.ఎం. అభ్యర్థి మిడియం బాబూరావు లోక్‌సభకు వెళ్ళారు. 2024 జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ ఎన్.డి.ఏ.కు 350కి అటూ ఇటూ, కొన్నయితే 400 దాకా ఇచ్చాయి. మూడు రోజులకు తేలిన అంకె 293. తప్పినప్పుడు నవ్వడం తేలికే. సర్వే ఒప్పయినప్పుడూ నా అభ్యంతరం అలాగే ఉంటుంది.

1972లో పియెర్ బూర్దియూ ప్రజాభిప్రాయమనేది లేదని వాదించాడు. మాట పెడసరంగా ఉన్నా అందులో ఒక పదునైన సంగతి ఉంది. ఈ ప్రశ్నలే అడగదగినవని అందరూ ఒప్పుకున్నట్టు సర్వే ముందే అనుకుంటుంది. అంతకు చాలా ముందు, 1880లో, మార్క్స్ ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు వంద ప్రశ్నల పట్టిక తయారు చేశాడు. పని గంటలెన్ని, యంత్రాల దగ్గర రక్షణ ఏమిటి, కూలి ఎలా కడతారు, సమ్మెలో సర్కారు ఎవరి పక్కన నిలిచింది అని ఆ పట్టిక అడిగింది. జవాబులు కొద్దిగానే వచ్చాయి. కాని జవాబు రాయడానికి కూర్చున్నవాడు తన బతుకును తానే లెక్కవేసుకోవాలి. మన సర్వే పట్టిక ఆ పని చేయదు. ఏ గుర్తుకు వేస్తావో చెప్పమంటుంది, అంతే.

పోలవరం ముంపు మండలాల సంగతే చూడండి. కుకునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం మండలాలూ, బూర్గంపాడు, భద్రాచలం మండలాల్లో కొన్ని గ్రామాలూ 2014 దాకా ఖమ్మం జిల్లావి. అధిక భాగం ఐదో షెడ్యూలు ప్రాంతం. భూసేకరణకు ముందు గ్రామసభలను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. 2014 ఎన్నికల కాలంలో నేను చూసిన ఏ సర్వేలోనూ మీరు ఏ రాష్ట్రంలో ఉండదలచారన్న ప్రశ్న లేదు. వాళ్ళు ఏప్రిల్ 30న ఖమ్మం, మహబూబాబాద్ లోక్‌సభ స్థానాలకు ఓటు వేశారు. మే నెలాఖరుకు ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. 2019 ఏప్రిల్ 11న అదే మనుషులు, అవే గూడేల నుండి వచ్చి, ఆంధ్రప్రదేశ్‌లోని అరకు, ఏలూరు స్థానాలకు ఓటు వేశారు.