మనోస్థైర్యం: పుట్టుక, పెంపకం, మానసిక చికిత్స

పేదరికం, హింస, ఆప్తుల మరణం వంటి దెబ్బలు తగిలినా తట్టుకుని మళ్లీ కుదుటపడగల శక్తి మనోస్థైర్యం. మనిషి గుణాలు పుట్టుకతో వస్తాయా, పెంపకంతో అలవడతాయా అన్న చర్చలో 1874లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ పుట్టుకకే పెద్దపీట వేశాడు. మనస్తత్వవేత్తలు మాత్రం చాలాకాలం రుగ్మతకు లోనైనవారినే పరిశీలించారు. తట్టుకుని నిలిచినవారిపైకి దృష్టి మళ్లించిన వాటిలో హవాయి దీవుల అధ్యయనం ముఖ్యమైనది.

ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను నడివయసు దాకా గమనించారు. పేదరికం, కాన్పులో చిక్కులు, ఇంట్లో తాగుడు, తల్లిదండ్రుల మానసిక రుగ్మత వంటి వాటిలో కనీసం నాలుగు రెండేళ్లలోపే చుట్టుముట్టిన పిల్లల్లో మూడింట ఒక వంతు మంది సమర్థులుగా ఎదిగారు. పసితనం నుంచే చురుకుదనం, కలుపుగోలుతనం వారిలో కనిపించాయి. తల్లిదండ్రులు ఆదుకోలేకపోయినా తాతయ్యో, నాయనమ్మో, ఉపాధ్యాయులో వారికి అండగా నిలిచారు. కలుపుగోలు బిడ్డను పెద్దలు సులువుగా చేరదీస్తారు కాబట్టి స్వభావమూ ఆదరణా ఒకదాన్నొకటి పెంచుకున్నాయి.

2003లో అవ్‌షలోమ్ కాస్పి బృందం న్యూజిలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం ఆధారంగా, కష్టాల తర్వాత కుంగుబాటు రావడంలో సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు పాత్ర ఉందని ప్రకటించింది. తర్వాతి పెద్ద విశ్లేషణలు దాన్ని బలపరచలేదు. చిన్నచిన్న ప్రభావం గల అనేక జన్యువులు కలిసి పనిచేస్తాయన్నది నేటి అవగాహన.

పెంపకం బలాన్ని రుమేనియా అనాథాశ్రమాల పిల్లలు చూపారు. 2000లో మొదలైన బుకారెస్ట్ ప్రయోగంలో 136 మందిలో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవారు ఎక్కువగా కోలుకున్నారు. మరోవైపు, అలాంటి ఆశ్రమాల నుంచి ఇంగ్లండుకు దత్తత వెళ్లిన పిల్లల్లో, ఆరునెలలకు మించి ఆశ్రమంలో గడిపినా పెద్దయ్యాక ఏ ఇబ్బందీ లేనివారు దాదాపు ఐదో వంతు ఉన్నారు.

మానసిక చికిత్స జన్యువులను మార్చదు. అది ఆలోచనలు, అలవాట్లు, అనుబంధాల మీద పనిచేస్తుంది. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన చికిత్స, నిరాశను పెంచే ఆలోచనలను గుర్తించి పరీక్షించుకోవడం నేర్పుతుంది. పుట్టుస్వభావానికి తగ్గట్టు పెంపకం ఉండాలన్న అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ పరిశోధన, తల్లిదండ్రులకిచ్చే సలహాలకు పునాది అయింది. మనోస్థైర్యం అరుదైన వరమేమీ కాదని, మామూలు అనుబంధాలు, సామర్థ్యాలు సవ్యంగా పనిచేస్తే ఏర్పడుతుందని 2001లో ఆన్ మాస్టెన్ తేల్చింది.