స్పర్శకు కూలి ఎవరిస్తారు?

1978లో కొలంబియా రాజధాని బొగోటాలోని మాతాశిశు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి పసికందుల్ని పెట్టేవారు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా బరువు తక్కువ బిడ్డల్ని తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టించాడు. యంత్రం పని తల్లి ఒంటి వెచ్చదనం చేసింది. అదే కంగారూ సంరక్షణ. పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే 28 రోజుల్లోపు మరణాలు నాలుగోవంతు తగ్గుతాయని భారతదేశంతో సహా ఐదు దేశాల్లో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 8 నుంచి 24 గంటలు చేయమంది.

దీన్ని ఖర్చులేని వైద్యమంటారు. ఎవరికి ఖర్చులేనిది? మన పల్లెల్లో మైల పేరు చెప్పి బొడ్డు కోసే పని, మాయ పూడ్చే పని చాలాచోట్ల దళిత మంత్రసానుల మీద పెట్టారు. పురుటికి ఆ చేతులు కావాలి, పురుడు వెళ్లాక అవే అంటరాని చేతులు. కూలేమో చేటెడు గింజలు, పాత చీర. ఆడవాళ్ల స్పర్శను శ్రమగా లెక్కగట్టని చరిత్ర ఇది.

ఆ లెక్కే ఆసుపత్రిలోనూ నడుస్తోంది. రోజంతా బిడ్డను గుండెకానించుకుని కూచునే కూలితల్లికి ఆనాటి కూలి పోతుంది. ఇంటికాడ పెద్దపిల్లల్ని చూసే దిక్కుండదు. మంచం, తిండి, పోయిన కూలి ఇవ్వకుండా 'తల్లికి శ్రద్ధ లేదు' అనడం అన్యాయం. యంత్రానికి కరెంటు బిల్లు కట్టే సర్కారు, యంత్రం పని చేసే తల్లికి కూడు పెట్టలేదా?