సైనిక భర్తీ (ఆంధ్రదేశం)

యువకులను సైన్యంలో చేర్చుకోవడం, తర్ఫీదు ఇవ్వడం, కొలువులో నిలుపుకోవడం అనే మూడు పనుల చరిత్ర ఇది. 1759లో ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకున్నాక ఉత్తర సర్కారులు మద్రాసు సైన్యానికి సిపాయిలనిచ్చే సీమ అయ్యాయి. తెలుగు సిపాయిల పేరు ఎంత దూరం పాకిందంటే, ఉత్తరాదిన ఏ ప్రాంతపు సిపాయినైనా ‘తిలంగా’ అనేవారు. 1857 నాటికీ ఆ మాట చెల్లుబాటులో ఉంది. అయితే కొలువుకు వచ్చినవాళ్లంతా ఏం చెప్పినా తలొగ్గలేదు. 1780లో హైదరాలీపై యుద్ధానికి ఓడెక్కమంటే విశాఖపట్నంలో సిపాయిలు తిరగబడ్డారు.

వందేళ్లు తిరిగేసరికి తెలుగువాడు సైన్యానికి పనికిరాడన్నారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ కొన్ని జాతులే పుట్టుకతో యుద్ధానికి తగినవన్న యోధజాతుల సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మినవాడు. దక్షిణాది పటాలాలను తగ్గించి వాయవ్య భారతం నుంచి మనుషులను తీసుకోవాలన్నాడు. లోపం రక్తంలో ఉందన్నది అపవాదే. లెక్క చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కాల్బలపు సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. దాన్ని 9 చేసింది 1895లో. ఈలోగా 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. కాలువ నీళ్లు పారిన ఊళ్లలో పొలం పని పెరిగింది. ఇంటి దగ్గరే కూడు దొరుకుతుంటే 7 రూపాయల కోసం బర్మా దాకా ఎవరు పోతారు?

ఇలా లెక్క చూడడాన్ని శాస్త్రంగా నిలబెట్టినవారిలో అమెరికా ఆర్థికవేత్త వాల్టర్ ఓయ్ ముఖ్యుడు. నిర్బంధ భర్తీలో ప్రభుత్వానికి మిగిలినట్టు కనిపించే సొమ్ము నిజానికి ఆ యువకుల నెత్తిన పడిన పన్నేనని ఆయన 1967లో చూపించాడు. 1973లో అమెరికా నిర్బంధ భర్తీని మానేసింది. భారత సైన్యంలో మాత్రం భర్తీ మొదటినుంచీ స్వచ్ఛందమే, కాబట్టి ఇక్కడ జీతం, భరోసాలే మనుషులను రప్పించాలి.

రాబర్ట్స్ మాటకు ఎదురు సాక్ష్యం తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపిన ఆ ఊరిని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. అక్కడ ఫౌజు కొలువు తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది. 15 ఏళ్లు చేస్తే పింఛను ఖాయమన్న భరోసా అలాంటి ఊళ్లకు పెద్ద అండగా ఉండేది.

2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ అనే భర్తీ పథకం ఆ భరోసాను తీసేసింది. దానిపై నిరసనల్లో మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఈ పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ల తర్వాత కొలువులో ఉంచేది గరిష్ఠంగా 25 శాతం మందినే. మిగిలినవారు ‘సేవానిధి’ పేరుతో ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయలతో ఇంటికి రావాలి. వారికి పింఛను లేదు.