బిట్‌కాయిన్‌కు చిల్లర పేరు



అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు మొన్నటి సంక్రాంతికి ఊరికి వచ్చి, తన చేతి ఫోనులో ఒక అంకెను నాకు చూపెను. సున్న, చుక్క, మరి మూడు సున్నలు, ఆపైన అయిదు. "మామయ్యా, ఇది నా బిట్‌కాయిన్ నిలువ" అనెను. కండ్లద్దములు సవరించుకొని సున్నలను రెండుమార్లు లెక్కించితిని; రెండుమార్లును లెక్క వేరుగా వచ్చినది. ఆ మాటకు వచ్చిన, అతడును ఒకమారు స్నేహితునికి సొమ్ము పంపుచు చుక్క తరువాత ఒక సున్న తక్కువ కొట్టి, పదిరెట్లు పంపెనట! ఇందులో బ్యాంకు వంటి మధ్యవర్తి లేడు గనుక, పంపినదానిని వెనుకకు రప్పించు నాథుడును లేడు. స్నేహితుడు మంచివాడగుటచే తిరిగి యిచ్చెను.

ఈ సున్నల చిక్కు ఎట్లు పుట్టినదో నేడు మనవి చేసెదను. మన దేశమున ఇది చెల్లుబాటు నాణెము కాదు. దీనిని కొనుడని గాని మానుడని గాని చెప్పుట నా పని కాదు.

సతోషి నకమోటో అను పేరుతో ఎవరో 2008లో ఒక చిన్న వ్యాసము ప్రకటించి, 2009 జనవరి 3న ఈ నాణెమును ఆరంభించిరి. ఆ పేరు వెనుకనున్నది ఎవరో నేటికిని లోకమునకు తెలియదు. ఇది లోహము కాదు, కాగితము కాదు. వేలకొలది కంప్యూటర్లు ఒకే తీరున వ్రాసికొనుచుండు చిట్టాలోని పద్దు. మొత్తము 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టకుండ కట్టడి చేసి, ఒక్కొక్కదానిని 10 కోట్ల తునకలుగా విభజించుటకు వీలు కల్పించిరి.

తొలినాళ్లలో చిల్లర అక్కర ఎవరికిని కలుగలేదు. 2010 మే 22న అమెరికాలోని ఫ్లారిడాలో ఒకాయన రెండు పిజ్జాలకు, అనగా రెండు ఇటలీ రొట్టెలకు, 10,000 బిట్‌కాయిన్లు చెల్లించెను. 2013 చివరకు ఒక్కటే 1,000 డాలర్లు దాటెను. 2024 డిసెంబరునకు లక్ష డాలర్లు దాటెను. ఇక కాఫీ త్రాగబోయినవాడు చుక్క తరువాత సున్నల వరుస చదువవలసివచ్చెను. అంతేకాదు, పూర్తి నాణెము కొననిచో ఏమియు కొననట్లేయని సామాన్యుడు తలపోసెను.

అందుచే చిల్లరకు పేర్లు వెదకిరి. వేయవ వంతును మిల్లీబిట్‌కాయిన్ అనిరి. ఆ పేరు నోరు తిరుగదు. పది లక్షలవ వంతునకు "బిట్" అను పేరును 2014లో కొన్ని సంస్థలు చేపట్టినవి. ఒక బిట్‌కు నూరు తునకలు. మన రూపాయికి నూరు పైసల వలెనే. లెక్కకు ఇదియే సొగసైనదని నా యభిప్రాయము. కాని కంప్యూటరు శాస్త్రములో "బిట్" అను మాటకు మునుపే వేరొక అర్థము కలదు. చివరకు జనుల నోట నిలిచినది "సతోషి". 2010లో ఒకరు ఈ పేరును నూరవ వంతునకు సూచించిరి. వాడుకలో అది జారిజారి కనిష్ఠమైన తునకపై కుదురుకొన్నది. ఏ ప్రభుత్వమును శాసింపలేదు, ఏ సభయు తీర్మానింపలేదు.

2025లో మరియొక సూచన బయలుదేరినది. చిట్టాలో కంప్యూటరు వ్రాయునవి పూర్ణాంకములే, సతోషీలే. చుక్క మనకు చూపుటకై తెరమీద పెట్టినది మాత్రమే. కావున చుక్కను తీసివేసి, ఆ కనిష్ఠపు తునకనే "బిట్‌కాయిన్" అని పిలువవలెనట! నేడు ఒకటి గలవాడు ఆనాటికి 10 కోట్లు గలవాడగును. చుక్కను తీయుట మంచిదే. పెద్దదాని పేరు చిన్నదానికి పెట్టుట మాత్రము నాకు సమ్మతము కాదు. కారణము మన చరిత్రలోనే కలదు.

పూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అనగా రూపాయికి 64 పైసలు. 1955లో చట్టము చేసి, 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు పైసలు చేసిరి. పాత నాణెములును కొత్తవియు కొంతకాలము కలిసియే చెలామణి యైనవి. పైసా యనిన ఏ పైసా? ఆ తగవు రాకుండుటకే కొత్తదానికి "నయాపైసా" యని పేరిడిరి. 1964 జూన్ 1న గాని "నయా" అను మాట తొలగింపలేదు. ఏడేండ్లకు పైగా ఓపిక పట్టిరి! అప్పటికిని చిక్కులు తప్పలేదు. అణా యనగా ఆరుంబావు నయాపైసలు. ఆ పావును ఎవరు చెల్లింతురు? మా నాయనగారి చిల్లర కొట్టులో ఆ పావుపైసాను గూర్చి ముసలమ్మలు పెట్టిన పేచీలను ఆయన ముచ్చటగా చెప్పెడివారు. సరిగా సరిపోయినవి పావలా, అర్ధరూపాయి: 25, 50. పావలా కాసు 2011 జూన్ 30తో చెల్లుబాటు మానినను, పావలా యను మాట మన నోట నేటికిని మాయలేదు.

మన రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల వాడుకకై డిజిటల్ రూపాయిని ప్రయోగాత్మకముగా విడుదల చేసినప్పుడు ఈ సాహసములేవియు చేయలేదు. నోట్లకును కాసులకును గల విలువలనే దానికిని ఉంచినది.

ఇక మా మేనల్లుని సంగతి. నా అవస్థ చూచి అతడు ఫోనులో ఏదో మీట నొక్కి, లెక్కను సతోషీలలోనికి మార్చెను. చుక్క పోయినది, ముందున్న సున్నలు పోయినవి. "యాభై వేలు" అని తడుముకొనకుండ పైకి చదివితిని. వంటింటిలోనుండి మా యింటావిడ, "ఏమండీ, యాభై వేలు ఎవరికి అప్పిచ్చుచున్నారు?" అని కేకవేసెను.