పాత గ్రాప్పా: సీసా మీది మాటలకు, పళ్లెంలోని తోడుకు వ్యాఖ్య

గ్రాప్పా. వైన్ తీశాక మిగిలిన ద్రాక్ష పిప్పిని కాచి దించే ఇటలీ సారా. బ్రాందీకి వైనే ముడిసరుకు, దీనికి తొక్కలూ గింజలూ. ఆ పిప్పి తాజాగా ఉండగానే బట్టీకి చేరాలి. పాడైతే ఆ కంపు సీసాదాకా వెంట వస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ఆల్కహాలు 37.5 శాతానికి తగ్గకూడదు. ఒకప్పుడు పల్లెల్లో చలి కాచుకునే నాటు సరుకుగానే దీన్ని చూసేవారు. 1973లో ఫ్రియూలీ ప్రాంతపు పెర్కోతోలో నొనీనో దంపతులు పికొలిత్ అనే ఒకే రకం ద్రాక్ష పిప్పిని విడిగా కాచాక ఆ చూపు మారడం మొదలైంది.

ఇన్వెక్కియాతా. కొయ్య పీపాల్లో కనీసం 12 నెలలు, అదీ పన్నుశాఖ నిఘాలో, ఉంచిన గ్రాప్పాకే ఈ మాట వాడాలి. రిసెర్వా లేదా స్ట్రావెక్కియా అని ఉంటే 18 నెలలు. పీపా ఎక్కువగా ఓక్‌ది. చెర్రీ, అకేసియా కొయ్యలూ వాడతారు.

రంగు. నమ్మకండి. ఏడాది నిలవున్న గ్రాప్పాలో కారమెల్ కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

వాసన. అసలు పరీక్ష ఇక్కడే. ట్యూలిప్ పువ్వులా మూతి దగ్గరకు వచ్చిన చిన్న గ్లాసులో కొద్దిగా పోసి, కాసేపు వదిలేయాలి. చల్లదనం 17 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. ఫ్రిజ్‌లో పెడితే పీపాలో గడిపిన నెలలన్నీ వృథా. ముక్కును గ్లాసులో ముంచకుండా దూరం నుంచి మెల్లగా దగ్గరకు తెస్తే ముందుగా వెనిల్లా, లవంగం, పొగాకు పలుకుతాయి. అవి కొయ్యవి. వాటి అడుగున ఎండుద్రాక్ష, ఎండిన ప్లమ్, గింజల వాసన తగలాలి. ఇటలీలోని వాల్పొలిచెల్లా కొండల్లో అమరోనే అనే వైన్ కోసం ద్రాక్షను నెలల తరబడి ఆరబెడతారు కాబట్టి, ఆ పిప్పితో చేసిన గ్రాప్పాలో ఈ ఎండుపండు వాసన మరీ నిండుగా ఉంటుంది. వెనిల్లా తప్ప ఇంకేమీ దొరకకపోతే మీరు ఖర్చుపెట్టింది పీపాకే. అనుమానముంటే ఒక చుక్క చేతి వెనక రుద్ది, ఆరాక వాసన చూడండి. పండు మిగిలితే మంచి సరుకు. జిడ్డు కంపు మిగిలితే బట్టీ దగ్గర చివరి ధారను సకాలంలో వేరుచేయలేదన్నమాట.

తోడు. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే, తీర్పు రెండోదానితో. తినేది కొవ్వుగా, చేదుతీపిగా ఉండాలి. కొవ్వు నాలుక మీద పూతలా నిలిచి మంటను తగ్గిస్తుంది. 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ చేదు, కొయ్య వగరుతో సరిగ్గా కలుస్తుంది. ఇటలీలోని పియెమొంతె ప్రాంతం వాళ్ల హేజెల్‌నట్ చాక్లెట్ ఇంకా మెత్తని జోడీ. రెండేళ్లు దాటిన పార్మిజానో జున్ను ముక్కలు, తేనె చుక్కతో గొర్గొంజోలా జున్ను, బాదం బిస్కెట్లు, వాల్‌నట్లు కూడా బాగుంటాయి. పులుపు మాత్రం వద్దు. మన అలవాటు కొద్దీ కారప్పొడి చల్లిన జీడిపప్పు పెట్టుకుంటే మిరప మంటను ఆల్కహాలు ఇంకా రేపుతుంది. పాపం గ్రాప్పా గొంతే వినపడదు.

రెజెంతిన్. వెనెతో, ఫ్రియూలీ ప్రాంతాల్లో కాఫీ తాగాక కప్పు అడుగున మిగిలిన దాన్ని చుక్క గ్రాప్పాతో కడిగి తాగే అలవాటు. భోజనాంతాన ఇంతకన్నా చక్కని ముగింపు అరుదే. కానీ దానికి పీపా ముఖం చూడని తెల్ల గ్రాప్పా చాలు. రిసెర్వాను కాఫీ కప్పులో పోయడం శుద్ధ దుబారా.